డెబ్బై మూడు వేళ్లు

"బిడ్డా, నా ముచ్చట ఏడ పోయింది?"

ఫోన్‌లో గొంతు మెల్లగా ఉంది. కోపం లేదు, ఏడుపు లేదు. మందలో తప్పిపోయిన మేకను అడిగినట్టు అడిగింది.

"ఎవరమ్మా?" అంది నిరోష, టీ గ్లాసు పక్కకు జరుపుతూ.

"జానమ్మను. తిరుమలగిరి మండలం. సోమవారం ఫోన్ల చెప్తె నువ్వే రాసి పెట్టినవు కదా. బోరు మోటర్ ముచ్చట. నిన్నటిదాక కనపడ్డది. ఇయ్యాల పొద్దుగాల చూస్తె లేదు. ఎవరన్న తీసేసిండ్రా?"

నిరోషకు గుర్తొచ్చింది. గుర్తొచ్చి కంప్యూటర్ వైపు తిరిగింది.

షాద్‌నగర్‌లో ఒక విత్తనాల దుకాణం మీద మూడు గదుల కంపెనీ వాళ్లది. బోరు మోటర్లను ఫోన్‌తో నడిపే పెట్టెలు తయారు చేస్తారు. పెట్టెలో సిమ్ కార్డు ఉంటుంది. దాన్ని స్టార్టర్‌కు తగిలిస్తే రైతు పొలం దాకా పోనక్కర్లేదు. ఉన్నచోటి నుంచే మోటర్ వేయొచ్చు, బంద్ చేయొచ్చు. ఒక్కో పెట్టెకు నాలుగు నంబర్లు. ఆ దిక్కు బోర్లు చాలావరకు ఒక్కరివి కావు మరి, అన్నదమ్ములవి, పాలోళ్లనే దాయాదులవి. యాప్ పేరు మోటర్ దోస్త్.

ఆ యాప్‌లోనే సలహాల పేజీ. కొత్తగా ఏం కావాలో రైతులు అందులో చెప్తారు. నచ్చినవాళ్లు పై బాణం ఒత్తుతారు, నచ్చనివాళ్లు కింది బాణం. రాయడం రానివాళ్లు ఫోన్ చేసి చెప్తే నిరోష విని రాసి పెడుతుంది. రెండేళ్లుగా అదే ఆమె ఉద్యోగం.

జానమ్మ సలహా దొరికింది. పేజీలో కాదు, మూలన పడ్డ వాటిలో. రాత్రి లెక్క తేలేటప్పటికి కింది బాణాలు పై బాణాల కన్నా యాభైకి మించి ఎక్కువుంటే సలహా దానంతటదే కనపడకుండా పోతుంది. ఎవరూ తీసేయనక్కర్లేదు.

పైకి తొమ్మిది. కిందికి డెబ్బై మూడు.

నిరోష మళ్లీ చూసింది. ఇన్ని ఎప్పుడూ పడలేదు. మోటర్ వేయగానే పెండ్లి బ్యాండు మోగాలని అడిగినవాడికి కూడా ఇరవై రెండే పడ్డాయి. ఈమె అడిగింది అలాంటిది కాదే. తను రాసిన వాక్యాలు తనే చదువుకుంది:

'మనిషి బోరు కాడ పని చేస్తున్నప్పుడు ఎవరి ఫోన్ నుంచీ మోటర్ నడవకుండ లాక్ ఉండాలె. ఏ నంబరు నుంచి ఏ టైముకు మోటర్ వేసిండ్రో, పాత తేదీలతో సహా అందరికీ కనపడాలె.'

"ఎవరూ తియ్యలేదమ్మా. చానామంది వద్దన్నరు. కిందికి ఒత్తిండ్రు."

"ఎంతమంది?"

"డెబ్బై మూడు."

జానమ్మ ఆ అంకెను మెల్లగా తిరిగి అంది.

"మా వాడల ఎన్ని ఫోన్లున్నయో ఇంచుమించు అన్ని," అంది జానమ్మ. "నా మరిది చేయించిండు."

తర్వాత చెప్పిన సంగతి కూడా అదే గొంతుతో చెప్పింది. పోయినేడు దసరా దాటినంక, పత్తి ఏరే రోజుల్లో. మోటర్ మాటిమాటికి ట్రిప్ అవుతోందని ఆమె భర్త పెద్దులు బోరు దగ్గర కేబుల్ జాయింటు విప్పాడు. స్టార్టర్ బంద్ చేసే విప్పాడు. ట్రాన్స్‌ఫార్మర్ దాకా పోయి ఫ్యూజులు తీయలేదు. అది దూరం, మధ్యలో బురద మడి. అంత దూరం ఎవరూ పోరు.

మోటర్ ఆగితే నాలుగు ఫోన్లకూ మెసేజ్ పోతుంది. పాలోళ్ల బోర్ల మీద ఒక కట్టుబాటు ఉంది. నీళ్ల వంతు ఎవరిదైనా సరే, ఆగిన మోటర్‌ను ముందు చూసినవాళ్లు వేయాలి. చూసి కూడా వేయకపోతే మడి ఎండినవాడి చేత మాట పడాలి. అందుకని మెసేజ్ రాగానే వేలు దానంతటదే పోతుంది.

"మోటర్ నడిచింది. మా ఆయన పడ్డడు," అంది జానమ్మ. "దామోదర్ ఆడనే గడ్డ మీద ఉన్నడు. ఆయనకు సొంత తమ్ముడు. 'నా చెయ్యి తగిలింది వదినా' అన్నడు, పెద్దమనుషుల ముందట. చెయ్యి తగిలితే ఒకపారి తగులుతది. రెండు పార్లు ఒత్తి ఉంటే అది తగులుడు కాదు. బోరు కాడ వాళ్లిద్దరికి అంతకుముందు లొల్లి ఉండె. గందుకే నాకు ఆ లెక్క కావాలె. లాక్ ఊరందరి కోసం. లెక్క నా కోసం."

"పోలీసులు?"

"ప్రమాదమని రాసుకొని పోయిండ్రు. నువ్వు దాన్ని మళ్లీ పైకి తెస్తవా, తేవా?"

"చూస్తనమ్మా."

"చూస్తనంటే ఏంది బిడ్డా? తెస్తనను, లేకుంటే తేననను."

"తెస్త," అంది నిరోష. అనకుండా ఉండాల్సిందని ఆమెకు రెండు రోజుల తర్వాత తెలిసింది.

ఫోన్ పెట్టేసి, కంపెనీ వాళ్లకు మాత్రమే కనపడే జాబితా తెరిచింది. ఎవరు ఏ బాణం ఒత్తారో అందులో ఉంటుంది. డెబ్బై మూడింటిలో యాభై ఎనిమిది జానమ్మ ఊరివే. నలభై ఒకటి మొన్న మంగళవారం పొద్దున ఒకే గంటలో పడ్డాయి, చెప్పి చేయించినట్టు. అన్నిటికన్నా మొదటి వేలు దామోదర్‌ది.

నిరోష ఆ పేరును కాగితం మీద రాసుకుంది.

*

"బాణం తీసెయ్యాలె అన్నా," అంది కంపెనీ యజమాని కృష్ణకాంత్‌తో. "పైకి ఒత్తేది ఉంచుదం. కింది బాణం వద్దు. ఒక మనిషి ఊరంతటిని కూడగట్టి విధవ నోరు నొక్కుతుంటే మనం గొంతు పట్టుకొని ఇచ్చినట్టున్నది."

కృష్ణకాంత్ పాత స్టార్టర్ ఒకటి ముందేసుకుని స్క్రూలు విప్పుతున్నాడు. జడ్చర్ల దగ్గర రైతు కొడుకు. కోపం వచ్చినప్పుడు స్క్రూలు విప్పడం అతని అలవాటు.

"పైకి మాత్రమే ఉంచితే ఏమైతదో నీకు తెల్వదా? ప్రతివాడు చుట్టాలందరితోటి వంద ఒత్తించుకుంటడు. రోజుకు ఆరుసార్లు మోటర్ దానంతటదే నడవాలని ఒకాయన అడిగిండు. నూట నలభై పైకి పడ్డయి. బోర్లు ఎండుతయిరా నాయినా అని కిందికి ఒత్తింది ముసలోళ్లే కదా. వాళ్లు లేకుంటే నేను పెట్టేవాణ్నే. అవునన్నోనికి బాణం ఉన్నప్పుడు వద్దన్నోనికి ఉండద్దా?"

"వద్దన్నోడు ఎందుకు వద్దో చెప్పాలె," అన్నాడు ఖైసర్, తన తెర మీది నుంచి తల ఎత్తకుండానే. యాప్ రాసింది అతనే. "వేలికి నోరుండది భాయ్. డెబ్బై మూడు అంటే ఏంది? డెబ్బై మూడు దుష్మన్లా? డెబ్బై మూడు భయాలా? అంకె చూస్తె తెల్వది."

"అయితే పోయి కనుక్కో," అన్నాడు కృష్ణకాంత్ నిరోషతో. "కొత్త అప్‌డేట్ కోసం వచ్చే బుధవారం పొద్దున పేజీ మూస్త. అప్పటికి పేజీల ఏదుంటే అది పోతది. మూలకు పడ్డది పోదు. నేను చెయ్యి పెట్టి ఒకదాన్ని లేపితే రేపు అందరివి లేపాలె. నువ్వు కారణం పట్టుకొని రా, అప్పుడు మాట్లాడుదం."

"పెద్దులు పోయిన రోజు మోటర్ ఎవరు వేసిండ్రో మన రికార్డు తెరిచి చూస్తె ఇప్పుడే తెలుస్తది కదా?"

"అడగనోళ్ల రికార్డు తెరవద్దని చెప్పిన. నలుగురి నంబర్లుంటయి దాంట్ల. ఎవరి మీద అనుమానమో ముందు ఆయననే అడుగు."

శనివారం నిరోష బయల్దేరింది. ఉప్పల్‌లో తొర్రూరు బస్సు ఎక్కింది. మోత్కూరు దాటాక కిటికీ అద్దంలో మడులు మెరిశాయి. నాట్ల కాలం. ప్రతి పొలం మూలనా ఒక స్టార్టర్ పెట్టె. వాటిలో ఎన్ని తమవో లెక్కపెట్టబోయి ఆపేసింది. తాళం లేని తలుపులు లెక్కపెట్టినట్టుంది.

*

జానమ్మ ఇంటికి ముందు పోలేదు. ఆమె మొహం చూశాక అవతలివాణ్ని సరిగ్గా వినలేనేమోనని భయం. నేరుగా బోరు దగ్గరికే నడిచింది.

పది మంది ఆడవాళ్లు మడిలో నాట్లు వేస్తున్నారు. గట్టు మీద బట్టతల మనిషి ఒకడు నారు కట్టలు విసురుతున్నాడు. నిరోష చెప్పులు చేత పట్టుకుని గట్టు మీద తడబడుతుంటే మడిలో నవ్వు లేచింది.

"దామోదరన్నా, నీకు చుట్టాలొచ్చిండ్రు. గట్టు మీద నడుసుడు రాని చుట్టాలు."

"కంపెనీ నుంచి వచ్చిన," అంది నిరోష. "మోటర్ దోస్త్."

నవ్వు ఆగిపోయింది. పది నడుములు ఒకేసారి మళ్లీ వంగాయి.

ఒడ్డు పక్కన ఉన్న పెద్దావిడ దగ్గర కూర్చుని పేరు అడిగింది. శ్యామలమ్మ అని చెప్పింది.

"జానమ్మ సలహాకు మీరు కూడ కిందికి ఒత్తిండ్రా పెద్దమ్మా?"

"ఒత్తిన. మా ఇంట్ల మూడు ఫోన్లున్నయి. మూడిట్ల ఒత్తినం."

"ఎందుకు?"

"కింది బాణం ఎర్రగ మంచిగున్నది. ఒత్తినం."

"లాక్ వద్దా మీకు? రేపు మీ ఆయన జాయింటు ఇప్పుతుంటే..."

"నాటు పదునుంది బిడ్డా. నన్ను మాట్లాడియ్యకు." శ్యామలమ్మ నాలుగు మొలకలు బురదలో గుచ్చి, తల ఎత్తకుండానే అంది, "జానమ్మ నాకు పాలు పంచుకున్న చెల్లె లెక్క. ఆమె మీద కోపంతోటి ఒత్తిననుకుంటానవా నువ్వు?"

కోపంతో కాకపోతే దేనితో? నిరోష అడిగేలోపే దామోదర్ గట్టు దిగి వచ్చాడు. చేతులు కడుక్కుని బోరు తొట్టి దగ్గరికి రమ్మన్నట్టు తల ఊపాడు.

"మా వదిన పంపిందా?"

"నేనే వచ్చిన. నలభై ఒక్క ఫోన్లు ఒక్క గంటల. మొదటిది నీదే. ఎందుకన్నా?"

"లాక్ పెట్టిండ్రనుకో. వంతులేనోడు లాకేసి కూసుంటడు. ఇంకొకని మడి ఎండుతది."

అది నిజమైన కారణమే. కానీ అతను దాన్ని బడిలో అప్పజెప్పినట్టు చెప్పాడు.

"అర్ధగంటకు లాక్ దానంతటదే పోయేటట్టు పెట్టొచ్చు. అప్పుడు?"

దామోదర్ తొట్టిలో తేలుతున్న గడ్డిపోచ తీసి పక్కకు విసిరాడు.

"నీకు భయం లాక్ గురించి కాదు," అంది నిరోష. చుట్టూ పొలం, తెలిసిన మనిషి లేదు. అయినా అంది. "లెక్క గురించి. ఆ రోజు నువ్వు ఎన్నిసార్లు ఒత్తినవో బయటపడుతదని."

దామోదర్ ఆమె వైపు చూశాడు. ఆ చూపులో ఆమె ఎదురుచూసిన కోపం లేదు. అలసట ఉంది.

"నేను ఒత్తనే లేదు. కావాల్నంటే మీ రికార్డు తెరిచి చూసుకో."

"మరి చెయ్యి తగిలిందని..."

"నా ఫోను బండి కవర్ల ఉండె. బండి రోడ్డు మీద ఉండె. జంగయ్య, మా పాలోడు, తాడు పట్టుకొని ఉండె. నేను టేపు చింపి అన్నకు ఇస్తాన. అన్న ఫోను అన్న చొక్కా జేబుల. నాలుగు నంబర్లల్ల మూడు ఈడనే ఉన్నయి." తొట్టి అంచు మీద నీటి చుక్కను వేలితో చెరిపాడు. "నాలుగోది పత్తి చేన్ల ఉండె."

నిరోషకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది.

"జానమ్మ?"

"మోటర్ ఆగిందని మెసేజ్ పోయింటది. ఆగితే వెయ్యాలె కదా, మా కట్టుబాటు. వేసింది. ఆమెకు తెల్వది. ఆ చేన్ల సిగ్నల్ ఉండది, పోలేదనుకున్నదేమో. ఉరుక్కుంట వచ్చి అన్న మీద పడి, 'ఎవరు వేసిండ్రు, ఎవని చెయ్యి' అని మొత్తుకున్నది. నాకు మొత్తం తెలిసింది ఒక్కసారే. ఏం జెప్పాలె నేను? నోట్లె నుంచి వచ్చింది. నా చెయ్యి తగిలిందన్న."

మడిలో ఎవరో పాట ఎత్తుకోబోయి మానేశారు.

"ఊరికి?"

"జంగయ్య నోరు ఆగది. మూడు దినాలల్ల ఊరంత తెలిసింది, ఒక్క ఇంటికి తప్ప. ఇంటింటికి పోయి మొక్కిన. చెప్పకుండ్రి అని. నా దిక్కు మాట్లాడకుండ్రి అని. నన్ను తిట్టుకుంటనన్న బతుకుతాంది. తిట్టుకోవడానికి నేను లేకుంటే ఎవరిని తిట్టుకుంటది?"

"లాక్ మంచిదే అన్నా."

"మంచిదే. నాకెరుకే. రేపు ఇంకొకడు పోతే ఆ పాపం కూడ నా మెడకే. కానీ నువ్వు రెండు కలిపి ఒక్కటి చేసినవు. ఒకదాన్ని ఆపాలంటే రెండు ఆపాలె. ఎందుకు వద్దో చెప్పమంటె ఏం జెప్తం? నోటితోటి చెప్పలేనిది గనకనే వేలితోటి చెప్పినం."

నిరోష సోమవారం నాటి ఫోన్ గుర్తు చేసుకుంది. జానమ్మ రెండు సంగతులు చెప్పింది. ఒకే ఫోన్‌లో చెప్పింది కదా అని రెండూ ఒకే సలహాగా రాసింది తనే.

*

బస్ స్టేజీ దగ్గర నిలబడి ఖైసర్‌కు ఫోన్ చేసింది. దామోదర్ ఒప్పుకున్నాడని చెప్పి ఆ రోజు రికార్డు తెరవమంది.

కీబోర్డు చప్పుడు వినపడింది.

"ఆమె నంబరే," అన్నాడు ఖైసర్. "ఒక్కసారే. పదకొండు నలభై ఆరుకు ఒత్తింది. మోటర్ నడిచింది పదకొండు యాభై రెండుకు."

"ఆరు నిమిషాలు ఏడున్నది?"

"మన దగ్గర." కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు. "సిగ్నల్ లేకుంటే ఆర్డర్‌ను యాప్ పది నిమిషాలు పట్టి ఉంచాలె, సిగ్నల్ దొరకంగనే పంపాలె. అది కూడ సలహానే నిరోషా. రైతులే అడిగిండ్రు. రెండు వందల అరవై పైకి పడ్డయి. నేనే రాసిన."

"కిందికి ఎన్ని పడ్డయి?"

"అప్పటికి కింది బాణమే లేదు."

బస్సు వచ్చింది, పోయింది. నిరోష ఎక్కలేదు.

"ఆ పట్టి ఉంచేది ఇయ్యాల తీసేస్త," అన్నాడు ఖైసర్. "ఎవరినీ అడగను. పేజీల పెట్టను. కృష్ణకాంత్ భాయ్‌కి నేను చెప్పుకుంట."

ఆ సాయంత్రమే నిరోష సలహాను రెండు చేసింది. లాక్‌ను కొత్తగా, కంపెనీ పేరు మీద పెట్టింది: బోరు దగ్గర పెట్టె మీద మీట తిప్పితే అర్ధగంట దాకా ఏ ఫోన్ నుంచీ మోటర్ నడవదు, మనిషి పని మీద ఉన్నాడని నాలుగు ఫోన్లకూ మెసేజ్ పోతుంది. రెండోదాన్ని, ఎవరు వేశారో చూపించే లెక్కను, మూలనే వదిలేసింది. జానమ్మ అడిగితే పేజీ నియమం ఒప్పుకోలేదని చెప్పొచ్చు. అది పూర్తి అబద్ధం కూడా కాదు.

ఆదివారం మధ్యాహ్నానికి లాక్‌కు వంద దాటాయి. సోమవారం సాయంత్రానికి మూడు వందల పన్నెండు పైకి, నాలుగు కిందికి. జానమ్మ ఊరి నుంచే అరవై ఒకటి. అందులో మొదటి వేలు మళ్లీ దామోదర్‌దే.

"చూసినవా," అన్నాడు కృష్ణకాంత్. "అదే ఊరు, అవే ఫోన్లు. కింది బాణం ఉన్నందుకే నువ్వు పోయి కనుక్కున్నవు. లేకుంటే తొమ్మిది పైకి పడి ఊకుండేది, మనం పట్టించుకునేటోళ్లం కాదు."

నిరోష తల ఊపింది. గెలిచినట్టు మాత్రం అనిపించలేదు.

*

మంగళవారం పదకొండు గంటలకు ఫోన్ వచ్చింది.

"లాక్ వస్తదంట కద బిడ్డా."

"వస్తదమ్మా. రేపు పేజీ మూస్తరు. నీ మాటే, పైకి పోయింది."

"మా వాడోళ్లంత ఒత్తిండ్రు. నిన్న శ్యామలమ్మ వచ్చి చెప్పింది, మూడు ఫోన్లల్ల ఒత్తిననని. జంగయ్య చెప్పిండు. చెప్పనోళ్లు లేరు."

"మంచిదే కదా."

"మంచిదే." జానమ్మ ఆగింది. గొంతు ఆ మొదటి రోజులాగే మెల్లగా ఉంది. "అయితే లాక్ మీద వాళ్లకు పగ లేదు. మొన్న కిందికి ఒత్తింది దాన్ని కాదు. రెండోదాన్ని."

నిరోష చేతిలోని పెన్ను కింద పెట్టింది. సలహాను రెండుగా విడదీసినప్పుడు తను ఏం చేసిందో ఇప్పుడు కనపడింది. ఊరు ఏది దాచాలనుకుందో, దాన్ని విడిగా తీసి జానమ్మ ముందే పెట్టింది.

"రాత్రంత అదే ఆలోచించిన," అంది జానమ్మ. "దామోదర్‌ను కాపాడెటందుకు ఒత్తిండ్రా అంటే, పోయినేడు పెద్దమనుషుల ముందట నేను ఆయనను నోటికొచ్చింది తిడితె, తప్పు జానమ్మా అన్నోడు ఒక్కడు లేడు. గసొంటోని కోసం డెబ్బై మంది ఎందుకు ఒత్తుతరు? నా మనుషులు వాళ్లు. శ్యామలమ్మ ఆయన కోసం మూడు ఫోన్లు తియ్యది. తీస్తే నా కోసం తీస్తది."

"అమ్మా..."

"బోరు మీద నాలుగు నంబర్లు. మా ఆయన పోయిండు. జంగయ్య చేతుల తాడున్నది, అందరు చూసిండ్రు. దామోదర్ బండి రోడ్డు మీద ఉండె. నేను ఉరికినప్పుడు ఆ బండికి తట్టుకొని పడ్డ. మోకాలికి ఇంక మచ్చ ఉన్నది. నేను ఆ రోజు ఒత్తిన బిడ్డా. మెసేజ్ వచ్చింది, ఒత్తిన. అది గుండ్రంగ తిరుగుకుంట ఉన్నది. సిగ్నల్ లేదు, పోలే అనుకొని ఫోను కొంగుల కట్టుకున్న. మళ్లీ చూడలే. ఎంతసేపటికి పోయింది?"

తెలియదని చెప్పొచ్చు. రికార్డులు పాతవైపోయాయని చెప్పొచ్చు. ఊరంతా పది నెలలు చెప్పని మాటను తనెందుకు చెప్పాలి? కానీ అవతలి మనిషి అడుగుతున్నది అవునా కాదా అని కాదు. అది ఆమెకు తెలిసిపోయింది. ఎన్ని నిమిషాలని అడుగుతోంది.

"ఆరు," అంది నిరోష. "ఆరు నిమిషాలమ్మా. పట్టి ఉంచింది మా మిషను. మేము పెట్టిన పద్ధతి అది. నీ తప్పు కాదు. విను, ఎందుకంటే..."

"ఆరు నిమిషాలు," అంది జానమ్మ. నిరోష మాట వింటున్నట్టు లేదు. "అప్పటికి నేను రెండు సాళ్లు ఏరిన."

"అమ్మా, ఇంట్ల ఎవరున్నరు? పక్కన ఎవరన్న ఉన్నరా?"

"నువ్వు ఉండు."

ఫోన్ పెట్టేయలేదు. చేత్తో పట్టుకునే నడుస్తోంది. గడియ తీసిన చప్పుడు. ఎక్కడో కోళ్లు. చెప్పుల్లేని కాళ్లు సిమెంటు మీద, తర్వాత మట్టి మీద. ఎవరో "ఎటు పోతానవు వదినా" అని అడిగారు. అడుగులు సాగుతూనే ఉన్నాయి. నిరోష లేచి నిలబడింది. ఖైసర్ తన తెర వదిలి ఆమె మొహం చూస్తున్నాడు.

"శ్యామలమ్మ నంబరు తియ్యి, జల్దీ," అంది అతనితో, ఫోన్‌కు అరచెయ్యి అడ్డం పెట్టి. "ఆమె దగ్గరికి పొమ్మను."

కాళ్లు ఆగాయి. తలుపు మీద రెండు దెబ్బలు. లోపల మంచం కిర్రుమంది. దామోదర్ గొంతు, "ఎవరు?"

జానమ్మ నోరు తెరిచేలోపు నిరోష ఫోన్ పెట్టేసింది. ఆ తర్వాతి మాట వినే హక్కు కంపెనీకి లేదు.